తెగిన గాలం ఎవరి ఖాతాలో?

గైడ్‌ని పెట్టుకుని వెళ్లే చేపల వేటలో పేచీ చేప దగ్గర రాదు, బిల్లు దగ్గర వస్తుంది. బోటు అద్దె ఎంత, భోజనం ఎవరిది, టిప్పు ఎంత ఇవ్వాలి, ఇవన్నీ ముందే మాట్లాడుకుంటారు. నీళ్లలో పోయే సామాను ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. సాయంత్రం ఒడ్డుకి చేరాక "సార్, మూడు పాపర్లు పోయాయి, వాటి డబ్బులు వేరే" అని, ఎరలా వాడే ఖరీదైన కర్ర బొమ్మల గురించి గైడ్ అంటే కస్టమర్‌కి ఒళ్లు మండుతుంది. అనకుండా ఊరుకుంటే గైడ్ సంపాదనకి చిల్లు పడుతుంది.

పోగొట్టినవాడే కట్టాలి అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ గాలం వేటలో సరిగ్గా వేసినా సామాను పోతుంది. పెద్ద చేప ఉండేది బండల సందుల్లో, మునిగిపోయిన చెట్ల మొదళ్ల దగ్గర, పగడపు దిబ్బల అంచున. అక్కడికి గాలం పడకపోతే చేప రాదు, పడితే కొన్ని తగులుకుని తెగిపోతాయి. పడవలో పోసే డీజిల్ లాంటిదే ఈ ఖర్చు. అది ఎలాగూ ఉంటుంది. దాన్ని ధరలో కలిపేయాలా, విడిగా రాయాలా అన్నదే తేల్చుకోవాలి. ఏది ఒప్పుకున్నారన్నదాన్ని బట్టి ఆ రోజు పడవ ఎక్కడ ఆగుతుందో, గాలం చేపకి ఎంత దగ్గరగా పడుతుందో కూడా మారిపోతుంది. బిల్లు గొడవ కంటే ఇదే పెద్ద సంగతి, దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

ఈ వ్యాపారం బాగా పాతుకుపోయింది అమెరికాలో. గల్ఫ్ తీరంలో గాల్వెస్టన్, డెస్టిన్ లాంటి రేవుల్లో దొరికే చార్టర్ బోట్లలో చాలా వాటికి ఆరుగురు ప్రయాణికులే పరిమితి. కోస్ట్‌గార్డ్ ఇచ్చే ఒక రకం లైసెన్స్‌తో కెప్టెన్ డబ్బు కట్టిన ఆరుగురి దాకా తీసుకెళ్లొచ్చు. అందుకే వాడుకలో దాన్ని సిక్స్‌ప్యాక్ అంటారు. హ్యూస్టన్, డాలస్ నుంచి నలుగురైదుగురు తెలుగు మిత్రులు ఖర్చు పంచుకుని వీకెండ్‌కి మాట్లాడుకునేది ఎక్కువగా ఇలాంటి బోటే. ఇందులో రాడ్లు, రీళ్లు, ఎర, కొక్కేలు, గాలాన్ని ముంచే సీసం అన్నీ ధరలోనే ఉండటం మామూలు. ఎన్ని కొక్కేలు పోయినా డెక్‌హ్యాండ్, అంటే బోటులో పనివాడు, కొత్తవి కట్టిస్తూనే ఉంటాడు, లెక్క రాయడు. ఎందుకంటే ఎక్కడ ఆగాలి, ఎంత లోతుకి దించాలి, ఎంత లావు దారం వాడాలి, అన్నీ బోటువాళ్లే తేలుస్తారు. కస్టమర్ చేసేది రీల్ తిప్పడమే. నిర్ణయం ఎవరిదో నష్టం వాళ్లదే అన్న సూత్రం ఇక్కడ ఎవరూ చెప్పకుండానే నడిచిపోతుంది. మిషిగన్ సరస్సు మీద సామన్ చేపలకి వాడే డౌన్‌రిగ్గర్, అంటే బరువు గుండుతో గాలాన్ని లోతుకి దించే పరికరం, కూడా అంతే. నాలుగైదు కిలోల బరువు గుండు అడుగున బండకి తగిలి తెగిపోతే, అక్కడ లోతు చూసుకోవాల్సింది కెప్టెనే కాబట్టి దాని డబ్బు కస్టమర్‌ని అడిగితే నవ్విపోతారు.

దక్షిణ కాలిఫోర్నియాలో టికెట్ కొనుక్కుని అందరూ ఎక్కే పెద్ద బోట్ల పద్ధతి వేరు. టికెట్ తక్కువ. రాడ్ కావాలంటే అద్దె విడిగా, కొక్కేలూ సీసం గుళ్లూ కావాలంటే బోటులోని వంటగది కౌంటర్ దగ్గర కొనుక్కోవాలి. పోతే మళ్లీ కొనుక్కోవాలి. అక్కడ దీని మీద తగాదా రాదు. పద్ధతి కఠినమైనదే, కానీ టికెట్ కొనేటప్పుడే అందరికీ తెలుసు.

చిక్కంతా ఈ రెండింటి మధ్య ఉంది. మోంటానాలో మాడిసన్, మిస్సోరి లాంటి నదుల మీద తెడ్ల పడవలో కూర్చుని ట్రౌట్ కోసం ఫ్లై గాలం వేసే వేట దీనికి మంచి ఉదాహరణ. అక్కడ గైడ్ సొంతంగా కస్టమర్‌ని ఎక్కించుకోకూడదు, లైసెన్స్ ఉన్న అవుట్‌ఫిట్టర్, అంటే ఇలాంటి ట్రిప్పులు నడిపే వ్యాపారి, కింద పనిచేయాలి. బుకింగ్ అవుట్‌ఫిట్టర్ది, తెడ్డు వేసే పని గైడ్‌ది. రోజు డబ్బులో కొంత అవుట్‌ఫిట్టర్ ఉంచుకుని మిగతాది గైడ్‌కి ఇస్తాడు. ఈకలతో, నూలుతో కట్టిన ఆ చిన్న కొక్కెం, అంటే ఫ్లై, ఒక్కోటి మూడు డాలర్లు అనుకుందాం. కొత్తగా నేర్చుకుంటున్న ఇద్దరు రోజంతా వేస్తే ఇరవై దాకా చెట్లకీ రాళ్లకీ సమర్పించడం వింతేమీ కాదు. అంటే 60 డాలర్లు. దీనికి తోడు లీడర్లు, అంటే అసలు దారానికీ కొక్కేనికీ మధ్య కట్టే దారాలు, కొస దారం. పడవ దిగే రేవుకి బండిని చేర్చే షటిల్ డబ్బులు, మధ్యాహ్నం భోజనం కూడా చాలాచోట్ల గైడ్ చేతి నుంచే పోతాయి. నిండు రోజుకి కస్టమర్ వందల డాలర్లు కట్టాడు కాబట్టి ఫ్లైల డబ్బు అందులోనే ఉందనుకుంటాడు. అది తప్పు కాదు. గైడ్ దృష్టిలో ఆ వందల్లో పెద్ద భాగం తన దాకా వచ్చేసరికే కరిగిపోయింది. అదీ నిజమే.

బుకింగ్‌లు కూడా తీసుకునే కొన్ని షాపులు దీనికి ఒక ఉపాయం పెట్టుకున్నాయి. పొద్దున్నే కస్టమర్‌ని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి, ఈరోజు నదికి పనికొచ్చే ఫ్లైలు డజనో రెండు డజన్లో కొనిపిస్తారు. కస్టమర్ డబ్బాలోవి అయిపోతే గైడ్ తన డబ్బా తీస్తాడు. అంటే ఫ్లైల మీద లాభం షాపుది, అయిపోయాక నష్టం గైడ్‌ది. ఇలాంటి చోట కస్టమర్‌కీ గైడ్‌కీ మధ్య కనిపించే తగాదా నిజానికి గైడ్‌కీ అవుట్‌ఫిట్టర్‌కీ మధ్య తేలాల్సినది. పాపం, కస్టమర్ మధ్యలో దొరికిపోయాడు. బుకింగ్ తీసుకున్నవాడే సామాను ఖర్చు కూడా చూసుకుంటే ఈ మాటే రాదు.

మన దగ్గర ఈ సమస్య అచ్చంగా కనిపించే చోటు అండమాన్. ఒకప్పుడు కర్ణాటకలో కావేరి మీద భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమక్కళి క్యాంపుల్లో మహశీర్ అనే పెద్ద నది చేప వేట ఉండేది. అక్కడ ఎర రాగి ముద్ద. పోయేది ఒక కొక్కెం, కాస్త సీసం, కొన్ని గజాల నైలాన్ దారం. అభయారణ్యంలో గాలం ఆపేశాక అక్కడ ఆ వేట ముగిసింది. రాగి ముద్ద రోజుల్లో ఎవరూ దీని గురించి గొడవపడలేదంటే కారణం, గొడవపడేంత ఖరీదు లేకపోవడం. అండమాన్‌లో అలా కాదు. మన తీరంలో పార అని పిలిచే చేపల కుటుంబానికే చెందిన జెయింట్ ట్రెవల్లీ కోసం పగడపు దిబ్బల మీద పాపర్లు విసురుతారు. అరచేతి కంటే పొడవున్న, వంద గ్రాములు దాటిన కర్ర బొమ్మ అది. మంచి రకం ఒక్కోటి మూడు వేల నుంచి ఏడెనిమిది వేల రూపాయల దాకా ఉంటుంది. రీల్ పై రకమైతే లక్ష దరిదాపుల్లో. చేప యాభై కిలోలు దాటి కూడా పెరిగేది, తగలగానే నేరుగా పగడాల్లోకి దూరుతుంది. పగడపు కొమ్మ అంచు రంపమే, ఎంత లావు లీడరైనా రాచుకుంటే తెగుతుంది. రెండు పాపర్లు పోతే పదివేలు. ఇది ఏ గైడూ నవ్వుతూ వదిలేసే మొత్తం కాదు, ఏ కస్టమరూ సరేలే అని తీసిచ్చే మొత్తం కూడా కాదు. అందుకే ఇలాంటి ట్రిప్పుల్లో చాలామంది సొంత లూర్లు, అంటే పాపర్ లాంటి కృత్రిమ ఎరలు, తెచ్చుకుంటారు. లేనివాళ్లకి అద్దెకి ఇచ్చి, పోతే ఇంత అని ముందే కాగితం మీద రాస్తారు.

ఆ కాగితం వచ్చాక వేట ఎలా మారుతుందో చూడాలి. పోయిన ప్రతి లూర్‌కీ పూర్తి ధర కట్టాలని తెలిసిన కస్టమర్ చెయ్యి వెనకాడుతుంది. దిబ్బ అంచుకి అడుగు దూరంలో పడాల్సిన పాపర్‌ని ఐదారు గజాలు ఇవతలే వేస్తాడు. చేప వెంటపడి వస్తే మంచిదే, రాకపోతే రోజంతా నీళ్లు కొట్టుకోవడమే. సాయంత్రం ఖాళీ చేతులతో దిగి, ఆ గైడ్‌కి స్థలాలు తెలియవు అని పదిమందికి చెబుతాడు. తిప్పి చూస్తే ఇంకో రకం నష్టం. నష్టమంతా గైడ్‌దే అయితే, ముఖ్యంగా గాలం విసరడం సరిగ్గా రాని కస్టమర్ ఎక్కిన రోజున, గైడ్ పడవని రాళ్లున్న చోటికి తీసుకెళ్లడు. చదునైన ఇసుక నేల మీద తిప్పుతాడు. అక్కడ ఏదీ తెగదు, ఏదీ పడదు కూడా. పాత, గీతలు పడ్డ లూర్లు మాత్రమే బయటికి తీస్తాడు. కొత్తవి పెట్టె అడుగునే ఉంటాయి. పైకి ఎవరూ మోసం చేయలేదు, కానీ కస్టమర్ డబ్బు పెట్టి కొన్న వేట అది కాదు.

అందుకని మొత్తం భారం ఒక్కరి మీదే వేసే పద్ధతులు రెండూ చేపనే దూరం చేస్తాయి. పనిచేసేది మధ్యలో ఎక్కడో ఉండే పద్ధతి. మామూలుగా ఆ నీళ్లలో రోజుకి ఎన్ని పోతాయో గైడ్‌కి అనుభవం మీద తెలుసు. ఆ మేరకు ధరలోనే కలిపేసి, అది దాటాక పోయినవాటికి కొన్న ధరలో సగం చెప్పడం. కస్టమర్‌కి మొదటి కొన్ని విసుర్లు టెన్షన్ లేకుండా వేసే ధైర్యం వస్తుంది, ఆ తర్వాత ఒళ్లు దగ్గర పెట్టుకునే కారణమూ ఉంటుంది. గైడ్‌కీ మిగతా సగం తనదే కాబట్టి చిక్కిన లూర్‌ని విడిపించడానికి పడవ తిప్పే ఓపిక ఉంటుంది.

ఎందుకు పోయిందో తెలుసుకోవడం కూడా అనుకున్నంత కష్టం కాదు. తెగిన దారం కొసని రెండు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకి ఎదురుగా చూస్తే చాలావరకు అదే చెప్పేస్తుంది. కొస పంది తోకలా చుట్టలు తిరిగి ఉంటే ముడి జారింది. ముడి వేసింది ఎవరో గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది, అది సాధారణంగా గైడే. కొసకి పైన జానెడు మేర గరుకుగా, పొట్టు లేచినట్టు, తెల్లగా ఉంటే రాయో పగడమో రాచింది. అది వేటలో భాగం. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే వంజరం లాంటి పళ్లున్న చేప కొరికింది. అలాంటి చేపలు తిరిగే చోట ఉక్కు తీగ లీడర్ కడితే లూర్ మిగులుతుంది, కానీ తీగని చూసి కొన్ని చేపలు ముట్టవు. తీగ కట్టాలా వద్దా అని తేల్చింది గైడ్ అయితే ఆ పందెం ఓడిన ఖర్చూ గైడ్‌దే. ఇక లీడర్‌కి చాలా పైన, రీల్ దగ్గర్లో ఎక్కడో తెగితే పాత దారం అనుమానించాలి. ఎండలో, ఉప్పునీళ్లలో నాని బలం పోయిన దారాన్ని మార్చకుండా వాడిన పాపానికి కస్టమర్ కట్టక్కర్లేదు. విసిరేటప్పుడు రీల్ బెయిల్, అంటే దారాన్ని పట్టి ఆపే తీగ, మూసుకుపోయి దారం ఫట్టుమని, పాపర్ ఒక్కటే ఎగిరి సముద్రంలో పడిందనుకోండి, అది నూటికి తొంభై పాళ్లు విసిరిన చేతి తప్పే.

రాడ్ విరగడం, రీల్‌తో సహా నీళ్లలో పడిపోవడం వేరే లెక్క. ఇవి పోవడానికి ఉన్న వస్తువులు కావు. లూర్ బండకి పట్టేసినప్పుడు రాడ్‌ని నిటారుగా ఎత్తి వెనక్కి లాగితే కొస దగ్గర విరుగుతుంది. రాడ్‌ని లూర్ వైపే సూటిగా చూపించి, దారాన్ని చేతికి తొడుగు వేసుకునో కర్రకి చుట్టో లాగాలి. ఈ మాట గైడ్ పొద్దున్నే చెప్పి ఉంటే, విన్నాక కూడా కస్టమర్ ఎత్తి లాగితే, డబ్బు కస్టమర్‌దే. చెప్పకపోతే అంత గట్టిగా అడిగే మొహం గైడ్‌కి ఉండదు. ఇక్కడ ఇంకో చిన్న కిటుకు ఉంది. ఆర్విస్ కంపెనీ తన మంచి రకం ఫ్లై రాడ్లకి 25 ఏళ్ల గ్యారంటీ ఇస్తుంది. ఇంకొన్ని కంపెనీలూ కొన్నవాడికి జీవితకాలం మరమ్మతు హామీ ఇస్తాయి. అలాంటి రాడ్ విరిగితే గైడ్‌కి నిజంగా అయ్యేది కంపెనీకి కట్టే కొద్దిపాటి రుసుము, కొన్ని వారాలు ఆ రాడ్ చేతిలో లేకపోవడం. వెయ్యి డాలర్ల రాడ్ విరిగింది కాబట్టి వెయ్యి డాలర్లు కట్టు అనడం నష్టపరిహారం కిందికి రాదు, దాన్ని అదనపు సంపాదన అనాలి.

చట్టం ఈ విషయంలో లోకం తీరుకి దగ్గరగానే ఉంది. మన కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం ఒకరి వస్తువు వాడుకోవడానికి తీసుకుని తిరిగి ఇవ్వాల్సిన ఏర్పాటు బెయిల్‌మెంట్. తీసుకున్నవాడు తన సొంత వస్తువైతే మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్త తీసుకుంటాడో అంత తీసుకోవాలని సెక్షన్ 151 చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా పోయినా, పాడైనా బాధ్యత లేదని సెక్షన్ 152 అంటుంది. ఎంత నేర్పరి అయినా పగడాల మీద పాపర్లు పోగొట్టుకుంటాడు కాబట్టి, వేరే ఒప్పందం లేనప్పుడు, మామూలుగా తెగిన లూర్‌కి కస్టమర్‌ని పట్టుకోవడం కష్టం. సెక్షన్ 150 ఇంకో అడుగు ముందుకేస్తుంది. అద్దెకి ఇచ్చిన వస్తువులో లోపం ఉండి, దానివల్ల తీసుకున్నవాడికి నష్టం కలిగితే, ఆ లోపం ఇచ్చినవాడికి తెలిసినా తెలియకపోయినా బాధ్యత ఇచ్చినవాడిదే. ఆ లెక్కన ముందే పగులున్న రాడ్‌ని చేతికిచ్చిన గైడే ఇరుక్కుంటాడు.

అయితే 152 లోనే ఒక తలుపు ఉంది. ప్రత్యేక ఒప్పందం లేనప్పుడే ఆ రక్షణ. బోటు ఎక్కే ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో "ఏది పోయినా కస్టమరే చెల్లించాలి" అని ఉంటే అదే ప్రత్యేక ఒప్పందం. అయినా ఎంత రాస్తే అంత చెల్లదు. సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైనంతే ఇప్పిస్తారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అన్యాయమైన ఒప్పందాల జాబితాలో మరీ ఎక్కువ సెక్యూరిటీ డిపాజిట్‌నీ, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానానీ చేర్చింది. రెండేళ్లుగా వాడి రంగు వెలిసిన పాపర్‌కి కొత్తదాని ధర రాసిన కాగితం ఈ గీటు దాటుతుందా లేదా అన్నది ఆలోచించుకోవాల్సిన మాటే.

కోస్తాలో బతుకుతెరువు కోసం వేటకి వెళ్లే మత్స్యకారులు ఈ ప్రశ్నకి ఎప్పుడో జవాబు చెప్పేసుకున్నారు. వచ్చిన సొమ్ములోంచి డీజిల్, ఐస్, తిండి ఖర్చు ముందు తీసేసి మిగిలింది వాటాలు వేసుకుంటారు. మనుషులకి వాటాలు ఉన్నట్టే పడవకీ, చాలాచోట్ల వలకీ వాటా ఉంటుంది. వల యజమాని ఆ వాటా తీసుకుంటున్నాడు కాబట్టి వల చిరిగితే, కొట్టుకుపోతే ఆ భారం యజమానిదే. కళాసీ కూలిలో కోయరు. సామాను మీద సంపాదించేవాడే సామాను పోతే భరించాలి అన్న ఈ లెక్కని మోంటానా అవుట్‌ఫిట్టర్‌కి అప్పజెబితే పైన చెప్పిన గొడవలో సగం తీరిపోతుంది.

ఇద్దరిలో ఎవరు కట్టినా, కట్టకపోయినా, పోయిన సామాను మాత్రం నీళ్లలోనే ఉంటుంది. సీసం సంగతి అందరికంటే ముందు గట్టిగా పట్టించుకున్నది బ్రిటన్. అక్కడి హంసలు గులకరాళ్లతో పాటు తెగిపోయిన సీసం గుళ్లు మింగి చస్తున్నాయని తేలాక 1987 నుంచి 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా ఉండే గాలం సీసం గుళ్ల అమ్మకం ఆపేశారు. అమెరికాలో న్యూహాంప్‌షైర్ లాంటి ఈశాన్య రాష్ట్రాలు లూన్ అనే నీటిపక్షి కోసం చిన్న సీసం గుళ్లని నిషేధించాయి. ఒక లూన్ చావడానికి మింగిన సీసం గుండు ఒక్కటి చాలు. సీసం బదులు వాడే టంగ్‌స్టన్ దానికి కొన్ని రెట్లు ఖరీదు. కాబట్టి ఇలాంటి చోట్ల పోయిన గుండు విలువ పెరిగింది, ఎవరు కట్టాలన్న ప్రశ్నకి పదునూ పెరిగింది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం కింద అమెరికాలో గాలం సామాను మీద తయారీదారు దగ్గరే సాధారణంగా 10 శాతం పన్ను వసూలవుతుంది, ఆ డబ్బు చేపల సంరక్షణకి రాష్ట్రాలకి వెళ్తుంది. అడుగున పడి ఉన్న లూర్ తన వంతు కొంత ముందే కట్టేసి వచ్చిందన్నమాట.

నీరు తగ్గిన కాలంలో గైడ్లు ఆ అడుగునే వెతుకుతారు. చెట్ల మొదళ్లకీ, బండల సందులకీ వేలాడే లూర్లు ఏరుకోవడం వాళ్లకి మామూలు పని. వాటిలో కస్టమర్ పూర్తి ధర కట్టినవీ ఉంటాయి. పూర్తి డబ్బు తీసుకున్నాక ఆ లూర్ కస్టమర్‌దే అవ్వాలి. దొరికిందని ఫోన్ చేసి పోస్టులో పంపే గైడ్లు అరుదు. కొత్త కొక్కేలు వేసి, తుడిచి, వచ్చే వారం ఇంకొకరి దారానికి కట్టేవాళ్లే ఎక్కువ. ఆ రెండో కస్టమర్ కూడా పోగొడితే రెండోసారి పూర్తి ధర. సగం ధర పద్ధతిలో ఈ మెలిక ఉండదు. సగమే తీసుకున్న గైడ్‌కి దొరికిన లూర్ మీద హక్కు ఉందని కస్టమర్ కూడా ఒప్పుకుంటాడు.